బొమ్మకు నాలుగు హద్దులు

దావీదురాజుకు బొమ్మ గీయడం వచ్చు, అమ్మడం రాదు. ఈ రెండూ వేరువేరు విద్యలని అతనికి ముప్పై ఆరో ఏట గానీ తెలియలేదు. అంతవరకు కడపలో ఎవరు ఏ బొమ్మ అడిగినా గీసి ఇచ్చాడు. బెల్లం మండీకి చెరకుగడలు, సోడా అంగడికి గోలీసోడా బుడ్డి, నాటకాల కంపెనీకి గద ఎత్తిన భీముడు, మిషన్ బడికి నోవహు ఓడ. అడిగినవాడు అట్టముక్కను చంకన పెట్టుకుని పోయేవాడు. ఆ బొమ్మ తరువాత ఎక్కడెక్కడ తిరిగిందో, ఎన్నిసార్లు అచ్చయిందో దావీదురాజు అడిగేవాడు కాదు. అమ్మిన గొడ్డు గురించయినా జనం అంతకంటే ఎక్కువ ఆరా తీస్తారు.

మొదట మిషన్ బడిలో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాడు. ఆ పోస్టు తీసేశాక ఇంట్లో కిటికీ కింద బల్ల వేసుకుని, నల్లసిరా బుడ్డి, రెండు కలాలు, ఒక కుంచె పెట్టుకుని కూర్చున్నాడు. పని వచ్చిన రోజు వచ్చేది, రాని రోజు రాదు. వచ్చిన రోజున ఎలా మాట్లాడాలో మాత్రం అతనికి ఎప్పుడూ పాలుపోలేదు. "ఎంత తీసుకుంటావప్పా?" అని ఎవరైనా అడిగితే, అడగరాని మాటేదో విన్నట్టు తల దించుకుని, "మీకు తోచింది ఈండి" అనేవాడు. వాళ్లకు ఎప్పుడూ కొంచెమే తోచేది. మూడుసార్లు మార్చమంటే మూడుసార్లూ మార్చేవాడు. నాలుగోసారి వచ్చి మొదటిదే బాగుందంటే, మొదటిదే మళ్లీ గీసేవాడు.

భార్య రత్నమణి ఇదంతా చూస్తూ ఉండేది. ఆమె సిద్ధవటం పక్క పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఆదివారాలు ఏసు గుడిలో పిల్లలకు పాటలు నేర్పేది. మొగుడి బేరాలు చెవిన పడ్డప్పుడు వంటింట్లో గిన్నెను కొంచెం గట్టిగా కింద పెట్టేది. అంతకు మించి ఏమీ అనేది కాదు.

దావీదురాజుకు ఎక్కువ పని ఇచ్చేది శ్రీనివాసులు. పెద్ద బజారులో అతనికి అచ్చాఫీసు ఉండేది. బద్వేలు పక్కన భూములున్న రైతు కుటుంబం వాళ్లది. వానను నమ్ముకుని విసిగిపోయిన తండ్రి, కొడుకును అచ్చుమిషనును నమ్ముకోమని కడపకు పంపాడు. శ్రీనివాసులు మిషనును నమ్ముకున్నాడు గానీ మనసు మాత్రం చేనిగట్టు మీదే ఉండేది. చిన్నాయన కొడుకు హద్దురాయిని రెండడుగులు ఇటు జరిపాడని ఏడేళ్లు కోర్టుకు తిరిగి గెలిచాడు. ఆ రెండడుగుల్లో పది జొన్న కంకులు కూడా సరిగా పండవు. అయినా అచ్చాఫీసుకు పెళ్లిపత్రిక కోసం వచ్చినవాడికి కూడా కూర్చోబెట్టి ఆ కథ చెప్పేవాడు. "రాయి చిన్నదా పెద్దదా అని గాదప్పా. హద్దు జరిపినోడు మనిషి గాదు" అని ముగించేవాడు. దావీదురాజు ఈ కథ ఇరవైసార్లకు తక్కువ కాకుండా విన్నాడు.

ఆంధ్రరాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడాది, సర్కారు అచ్చుపనులన్నీ ఇక కర్నూలుకే పోతాయని కడపలో అచ్చాఫీసుల వాళ్లకు దిగులు పట్టుకుంది. శ్రీనివాసులు ప్రైవేటు పనుల వెంటపడ్డాడు. బద్వేలులో బొజ్జన్న అనే వ్యాపారి పళ్లపొడి తయారుచేసి డబ్బాల్లో అమ్మేవాడు. ఆ డబ్బాల మీద అంటించే కాగితాలు అచ్చేసే పని దొరికింది. కాగితం మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉండాలి. ఆమె నవ్వాలి, పళ్లు కనపడాలి, చేతిలో పళ్లపొడి డబ్బా పట్టుకుని ఉండాలి. శ్రీనివాసులు ఇంత చెప్పి, వారం గడువిచ్చి పంపాడు.

ఎవరి ముఖం గీయాలి? బజారులో పోయే ఆడవాళ్లను తేరిపార చూసే ధైర్యం దావీదురాజుకు లేదు. ఇంట్లో ఉన్న ముఖాన్ని చూశాడు. రత్నమణి చాటలో కందిపప్పు ఏరుతూ, పక్కింటామె చెప్పిన మాటేదో గుర్తొచ్చి తనలో తాను నవ్వుకుంటోంది. ఆమెకు ముందు వరుసలో ఒక పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంటుంది. నవ్వితే మొదట అదే కనపడుతుంది. దావీదురాజు ఆ నవ్వును, ఆ పన్నును ఉన్నదున్నట్టు గీశాడు.

శ్రీనివాసులు బొమ్మను వెలుతురుకు పట్టి చూసి మెచ్చుకున్నాడు. తరువాత మార్పులు మొదలుపెట్టాడు.

"కొప్పులో పూలు పెట్టప్పా. బొట్టు పెట్టు. గాజులు ఇంగో రెండు ఎయ్యి. ఆ పన్ను సరిజెయ్యి. పళ్లపొడి డబ్బా మింద వంకర పన్నేంది?"

దావీదురాజు పూలు పెట్టాడు, బొట్టు పెట్టాడు, గాజులు వేశాడు. పన్ను మాత్రం ముట్టుకోలేదు. "అది తీస్తే నవ్వు పోతుందన్నా" అన్నాడు. కొనేవాడి మాట కాదనడం అతని జన్మలో అదే మొదలు. శ్రీనివాసులుకు ఆశ్చర్యమేసి ఊరుకున్నాడు.

అట్ట మీద బొమ్మను రత్నమణి కూడా చూసింది. "ఇది నేనా?" అంది.

"నీ మాదిరి ఉండాది, అంతే."

ఆమె కాసేపు చూసి, తానెన్నడూ పెట్టుకోని ఆ బొట్టు మీద వేలు పెట్టి నవ్వింది. "ఇంగ ఇది నేను గాదులే. గుడిలో ఎవురైనా చూస్తే అట్లనే చెప్తా" అంది. ఆ నవ్వును దావీదురాజు ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు.

ఇక కాగితం సంగతి. అంతకుముందు ఎవరో చిత్రకారుడు శ్రీనివాసులుకు ఒక నెమలి బొమ్మ అమ్మి, అదే నెమలిని ప్రొద్దుటూరులో మరో అచ్చాఫీసుకూ అమ్మాడు. అప్పటినుంచి శ్రీనివాసులుకు నోటిమాట మీద నమ్మకం పోయింది. "పక్కాగా రాసుకుందామప్పా" అని దావీదురాజును రిజిస్ట్రాఫీసు వరండాకు తీసుకుపోయాడు. అక్కడ తిమ్మయ్య దస్తావేజులు రాసేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ వరండాలో అదే చాప, అదే డెస్కు. చేను, ఇల్లు, బావి, దొడ్డి, అతని చేతి మీదుగా చేతులు మారని ఆస్తి ఆ తాలూకాలో తక్కువ. బొమ్మ అమ్మకం మాత్రం ఎప్పుడూ రాయలేదు. అంతమాత్రాన రాదని ఒప్పుకునే మనిషి కాడు. అతనికి తెలిసిన దస్తావేజు ఒకటే, చేను అమ్మేది. చేను అని ఉన్నచోట చిత్రము అని రాసుకుంటూ పోయాడు. చివరికి వచ్చి ఆగాడు.

"హద్దులు చెప్పండి."

"బొమ్మకు హద్దులేంది తిమ్మయ్యా?" అన్నాడు శ్రీనివాసులు.

"హద్దులు లేకుండా ఈ చేత్తో ఇంతవరకు ఒక్క కాయితం రాయలే. అమ్మింది ఏందో, యాడ మొదలైతాదో, యాడ ముగుస్తాదో తెలియొద్దా? ఆ బొమ్మ ఇట్లియ్యి."

తిమ్మయ్య బొమ్మ తలను ఉత్తరానికి పెట్టి డెస్కు మీద పరిచాడు. అద్దాలు సర్దుకున్నాడు. ఉత్తరాన కొప్పులోని పూలు, దక్షిణాన గాజుల చేయి, తూర్పున పళ్లపొడి డబ్బా, పడమరన భుజం మీది కొంగు, ఇందుకు మధ్యనున్న చిత్రము అని రాశాడు. వరండాలో కూర్చున్న రైతులు విని కడుపుబ్బ నవ్వారు. శ్రీనివాసులూ నవ్వాడు. దావీదురాజు నవ్వుతూనే సంతకం పెట్టాడు. నవ్వుతూ పెట్టాడు గనుక పైనున్న పాఠమేదీ చదవలేదు.

పళ్లపొడి బాగా అమ్ముడుపోయింది. బద్వేలు సంతలో జనం పేరు చదవకుండానే 'నవ్వే అమ్మి డబ్బా' అని అడిగి తీసుకునేవారట. దావీదురాజుకు లోపల్లోపల గర్వంగా ఉండేది. తరువాత ఏడాదిలో ఆ ముఖం డబ్బా మీదినుంచి దిగి ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. ఒక జవుళి అంగడి కరపత్రం మీద కనపడింది. డోన్‌లో ఒక కొత్త కాఫీ హోటలు కాగితం మీద కనపడింది. దావీదురాజు ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని అచ్చాఫీసుకు పోయి, పళ్లపొడికని గీసిన బొమ్మను అన్నిటికీ వాడుతున్నారేమని అడిగాడు.

శ్రీనివాసులు కోపం తెచ్చుకోలేదు. అర్థం కానివాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "నేను ఎద్దును కొన్న్యాననుకో. అది యా చేను దున్నాల్నో అమ్మినోడు చెప్తాడా? దుడ్లు ఇచ్చినా, కాయితం రాసుకుంటిమి. ఇంగ ఎద్దు నాది."

బొమ్మ ఎద్దు కాదని దావీదురాజుకు తెలుసు, ఎందుకు కాదో చెప్పడం తెలియదు. ఇంటికి వచ్చి బెల్లం మండీ వాళ్ల చెరకుగడలకు నీడలు వేస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడాది వేసవి ముందర విశ్వాసమ్మ దావీదురాజు ఇంటికి వచ్చింది. ఆమె గుడిలో ఆడవాళ్ల సంఘానికి పెద్ద. చుట్టాలను చూడడానికి కర్నూలు పోయి, ఆ ముందురోజే తిరిగి వచ్చింది. కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తీసుకోలేదు. రొంటిలోంచి నాలుగు మడతల కాగితం తీసి రత్నమణి చేతిలో పెట్టింది.

"రాజధానిలో బస్సుల కాడ పంచుతాండారమ్మా. నీకు తెలుసునో లేదో అని తెస్తి" అని వెళ్లిపోయింది.

కర్నూలులో మందులమ్మే బసవరాజు అనే వైద్యుడి కరపత్రం అది. స్త్రీల గుప్త రోగాలకు మందు. ఆ రోగాలేమిటో ఒక్కొక్కటే పేర్లు పెట్టి, లక్షణాలతో సహా అచ్చేశారు. పైన రత్నమణి ముఖం నవ్వుతోంది. పన్ను మీద పన్ను స్పష్టంగా ఉంది. డబ్బా లేదు, చేయి లేదు. కింద లావు అక్షరాల్లో, 'పై చిత్రములోని స్త్రీ పదేండ్లు బాధపడి, మా మందు వలన పూర్తిగా గుణము పొందినది' అని ఉంది.

రత్నమణి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. చదువుకున్న ఆడమనిషి గనుక ఏ మాటా వదలలేదు. దావీదురాజు బల్ల దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు గానీ దగ్గరికి రాలేకపోయాడు.

"పిల్లోల్లకు పాటలు చెప్పేదాన్ని నేను" అంది ఆమె. "ఆదివారం వాళ్ల ముందర నవ్వేదెట్ల?"

"నేను పోయి అడుగుతా."

"ఎద్దు కత మళ్లీ ఇనొస్తావు." ఆమె కాగితాన్ని మడతల మీదే మడిచింది. "ఆ అచ్చు తెచ్చి నా చేతిలో పెట్టు. అంతదాకా నేను గుడికి పోను, బజారుకు పోను. ఈ గడప దాటను."

కోపంగా అనలేదు. ఉప్పు అయిపోయింది తెమ్మని చెప్పినట్టు చెప్పింది. దావీదురాజుకు భయం వేసింది.

అచ్చాఫీసులో శ్రీనివాసులు ఈసారి కొంచెం చిరాకు పడ్డాడు. బసవరాజు ఇంకో ఐదువేల కాగితాలకు చెప్పి పోయాడు. ఈ కరువుకాలంలో ఐదువేలంటే మాటలా? "అది నీ పెండ్లామని ఆ కాయితం మింద రాసినామా? ఆడోళ్ల మొగాలన్నీ ఒక్క మాదిరే ఉంటాయి. నువ్వు ఆ పన్ను సరిజేసి ఉంటే ఈ తలనొప్పే ఉండేది గాదు గదా" అన్నాడు. ఆ చివరి మాటలో కొంచెం నిజం ఉంది గనుక దావీదురాజుకు ఎక్కడో తగిలింది.

మాటల్లోనే శ్రీనివాసులు అల్మారా తెరిచి అచ్చు బ్లాకు తీసి బల్ల మీద పెట్టాడు. కొయ్య దిమ్మ మీద బిగించిన జింకు రేకు. బొమ్మ మద్రాసు పోయి ఇలా రేకు మీదికి ఎక్కి వస్తే గానీ మిషను కింద అచ్చు కాదు. పళ్లపొడికి ఒక బ్లాకు ఉండగానే శ్రీనివాసులు రెండోది తెప్పించి, వడ్రంగి చేత రంపంతో కోయించాడు. కొప్పు నుంచి గడ్డం దాకా ముఖం మాత్రం మిగిలింది. కోసిన అంచు ఇంకా గరుగ్గా ఉంది. దావీదురాజు ఆ అంచు మీద వేలు పెట్టి తీసేశాడు. బయటికి వచ్చాడు.

ఇక మిగిలింది ఒకటే. కాగితాన్ని కొట్టేయించే దారి ఏదైనా ఉందేమో తెలుసుకోవాలి. ఇంటికి పోయి పెట్టెలో ఉన్న దస్తావేజు నకలు తీసుకుని రిజిస్ట్రాఫీసు వరండాకు పోయాడు. తిమ్మయ్య అప్పుడే సద్ది తిని చేయి కడుక్కుని వచ్చాడు. డోన్ పక్కనుంచి వచ్చి కడపలో స్థిరపడ్డ పెద్ద ఈరన్న అనే రైతు, ఏదో దొడ్డి అమ్మకం కోసం కొడుకుతో వచ్చి చాప మీద కూర్చుని ఉన్నాడు. మరో నలుగురైదుగురు ఉన్నారు.

"ఈ కాయితం కొట్టేసేకి దారి ఉండాదా అన్నా?" అని అడిగాడు దావీదురాజు.

తిమ్మయ్య ముఖం మాడింది. "నేను రాసిన కాయితాన్ని హైకోర్టు కూడా కొట్టెయ్యలేదప్పా" అన్నాడు. రుజువు చూపించడానికి నకలు తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. తన రాత తానే చదువుతుంటే అతనికి కోపం తగ్గి హుషారు వచ్చింది. హద్దుల దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు. "తూర్పున పళ్లపొడి డబ్బా..."

"ఆ డబ్బా ఇప్పుడు లేదన్నా. రంపంతో కోసేసినారు. చెయ్యీ లేదు, కొంగూ లేదు. మొగం ఒక్కటే అచ్చేస్తాండారు."

తిమ్మయ్య ఆగిపోయాడు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "ఏందీ? తూర్పు హద్దు తీసేసినారా?"

"తూర్పు, పడమర, దక్షిణం కూడా."

"నేను ఏసిన హద్దులు?"

"అవే."

ముప్పై ఏళ్లలో తిమ్మయ్యకు ఇలాంటి అవమానం జరగలేదు. ఆస్తులు మునిగిన వాళ్లను చూశాడు, అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూశాడు. తన హద్దులను రంపంతో కోయించినవాడిని మాత్రం చూడలేదు. రత్నమణి పరువు సంగతి అతనికి చెప్పాల్సిన అవసరమే రాలేదు. తిమ్మయ్యే పెద్ద ఈరన్న కొడుకును పిలిచి, అచ్చాఫీసుకు పోయి శ్రీనివాసులును ఆ కోసిన ముక్కతో సహా రమ్మన్నానని చెప్పమన్నాడు.

శ్రీనివాసులు వచ్చాడు. దస్తావేజు తన పక్షమేనన్న ధీమాతో బ్లాకును కాగితంలో చుట్టి వెంట తెచ్చాడు కూడా. తిమ్మయ్య దాన్ని డెస్కు మీద, తల ఉత్తరానికి వచ్చేలా పెట్టాడు.

"శ్రీనివాసులూ, నీకు అమ్మింది ఏంది?"

"బొమ్మ."

"యా బొమ్మ? ఈ నాలుగు హద్దుల మధ్యన ఉండే బొమ్మ. తూర్పు హద్దు చూపించు."

శ్రీనివాసులు బ్లాకు వైపు చూశాడు. తూర్పున రంపపు గీతలు ఉన్నాయి.

"తిమ్మయ్యా, ఇది చేను గాదు" అన్నాడు.

"చేనే అని నువ్వు సంతకం పెట్టినావు. నవ్వినావు గానీ, పెట్టినావు గదా."

"నా ఆస్తిలో నేను ఒక చెక్క కోసుకుంటే తప్పేంది?"

ఈ మాటకు పెద్ద ఈరన్న కల్పించుకున్నాడు. అతనికి బొమ్మ గొడవ ఇంకా సరిగా అర్థం కాలేదు, హద్దు గొడవ మాత్రం బాగా అర్థమైంది. "చెక్క కోసుకుంటే కోసుకో నాయనా. ఆ చెక్కకు కొత్తగా హద్దులు రాయించుకోవాల గదా. అమ్మినోడు వచ్చి చేయి పెట్టాల గదా. హద్దులు పీకేసి దున్నుకుంటా అంటే యా ఊర్లో ఒప్పుతారు?" తక్కినవాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఒకడు ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

శ్రీనివాసులు ముఖం ఎర్రబడింది. అతను దావీదురాజు వైపు తిరిగాడు. దావీదురాజు అంతసేపూ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మాట్లాడాల్సింది ఇప్పుడేనని అతనికి తెలిసింది.

"రెండడుగుల నేలకు నువ్వు ఏడేండ్లు తిరిగినావు గదన్నా" అన్నాడు. "ఆడ ఏమీ పండదని నువ్వే చెప్పినావు. ఇది నా ఇంటిదాని మొగం."

ఎవరూ నవ్వలేదు. శ్రీనివాసులు బ్లాకును తిప్పి, రంపం కోసిన అంచు చూశాడు. చిన్నాయన కొడుకు గుర్తొచ్చాడో, బసవరాజు ఐదువేల కాగితాలు గుర్తొచ్చాయో తెలియదు. మనిషి మొండివాడే గానీ, ఒక మాటను ఇరవైమందికి చెప్పి తానే తప్పే రకం కాదు. చివరికి బ్లాకును చేత్తో దావీదురాజు వైపు తోశాడు.

"డబ్బాతో ఉండేది నాదే."

"నీదే" అన్నాడు తిమ్మయ్య. "నీ మనవల కాలం దాకా అచ్చేసుకో. హద్దులతో సహా."

దావీదురాజు ఇంటికి పోయేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. రత్నమణి వాకిట్లోకి రాకుండా తలుపు లోపలే నిలబడి ఉంది. అతను బ్లాకును ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉన్నట్టుంది, రెండో చేయి కూడా పట్టింది. రేకు మీద ముఖం తిరగేసి ఉంది, పన్ను రెండోవైపున ఉంది. వేలితో తడిమి చూసుకుంది.

దావీదురాజు జరిగినదంతా చెప్పాడు. ఈరన్న మాటలు, తిమ్మయ్య కోపం, తాను నోరు విప్పడం, అన్నీ చెప్పాడు. తాను నోరు విప్పిన సంగతి రెండుసార్లు చెప్పాడు. ఆమె వింటూ కొంచెం నవ్వింది కూడా. తరువాత చేయి చాచింది.

"అంత గట్టి కాయితమా? ఏదీ, ఇట్లియ్యి."

ఆమె గుమ్మంలో వెలుతురుకు కూర్చుని చదివింది. కరపత్రం చదివినట్టే, ఏ మాటా వదలకుండా చదివింది. హద్దుల దగ్గర నవ్వుతుందని దావీదురాజు ఎదురుచూశాడు. ఆమె హద్దుల దాకా రాలేదు. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ వెనక్కి పోయి, పైకి చదివింది.

"'సదరు చిత్రము నా స్వార్జితము. ఇందులో నాకు గానీ, నా భార్యాబిడ్డలకు గానీ, దాయాదులకు గానీ ఇకమీదట ఎట్టి హక్కునూ లేదు.'"

దావీదురాజు వంగి ఆ వరుస చూశాడు.

"కింద ఇది నీ సంతకమేనా?"

"అది అన్ని కాయితాల్లో రాసే మాటే. చేను అమ్మేటప్పుడు రాస్తారు. నేను సదవలే."

"నా మొగం మింద నాకు హక్కు లేదని రాసిచ్చినావు" అంది రత్నమణి. "సదవకుండా. శ్రీనివాసులన్న ఒక చెక్క కోసుకున్న్యాడు. నువ్వు మొత్తం అమ్మినావు. నన్ను ఒక్క మాటన్నా అడిగినావా?"

ఆమె నవ్వడం గుర్తొచ్చింది అతనికి. బొట్టు మీద వేలు పెట్టి, ఇది నేను కాదులే అని నవ్వింది. తాను అడగలేదు, ఆమె చెప్పలేదు. వరండాలో నలుగురి ముందు మాట్లాడివచ్చిన మగతనం అంతా నీరుగారిపోయింది. దావీదురాజుకు సిగ్గు వేసింది. కరపత్రం చూసినప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు, ఎందుకంటే అప్పుడు తప్పు ఇంకొకరిది.

రత్నమణి కాగితాన్ని మడిచి తన బైబిలులో పెట్టుకుంది. బ్లాకును ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర కింద పెట్టింది. ఆదివారం గుడికి పోయింది, పిల్లలకు పాట చెప్పింది. ఇంట్లో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. దావీదురాజుకు అది మరీ కష్టంగా ఉండేది.

వానలు పడతాయనుకుని పడని నెలలో, ప్రొద్దుటూరు నుంచి తలనూనె వ్యాపారి ఒకాయన వచ్చాడు. సీసా మీదికి ఆడమనిషి బొమ్మ కావాలన్నాడు. దావీదురాజు సరేననలేదు. "రేపు చెప్తా" అన్నాడు. ఆయన పోయాక వంటింటి గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"తలనూనెకంట. సీసాల మీదికి, ఇంగ దేనికీ గాదు. కూచుంటావా?"

రత్నమణి జొన్నపిండి కలుపుతూ ఉంది. చేయి ఆపలేదు. ఒప్పుకోలేదనుకుని అతను వెనక్కి తిరిగాడు.

"మొగం ఇయ్యను" అంది ఆమె. "జడ గీసుకో."

మరుసటి రోజు ఆమె వీపు ఇటు పెట్టి, జడ విప్పుకుని పీట మీద కూర్చుంది. దావీదురాజు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాడు. నూనె వ్యాపారి బొమ్మను తిప్పి తిప్పి చూశాడు, అవతలివైపు ముఖమేదైనా దొరుకుతుందేమో అన్నట్టు. "మొగం ఉంటే బాగుంటాది గదప్పా" అన్నాడు.

"ఉండదప్పా. దీనికి మార్పులు లేవు" అన్నాడు దావీదురాజు. వెల కూడా తనే చెప్పాడు.

ముగ్గురూ రిజిస్ట్రాఫీసు వరండాకు పోయారు. ఒక ఆడమనిషి చాప మీదికి వచ్చి కూర్చోవడం చూసి తిమ్మయ్య కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు. కలం సిరాలో ముంచి, "అమ్మేవారి పేరు?" అన్నాడు.

"రత్నమణి" అన్నాడు దావీదురాజు.

"బొమ్మ గీసింది ఎవురు?"

"నేనే."

తిమ్మయ్య కలం పట్టుకున్న చేయి గాల్లోనే ఆగింది.

"జడ ఆమెదన్నా" అన్నాడు దావీదురాజు. "ఆమె పేరు ముందు రాయి. నా పేరు కింద రాయి. భార్యకు హక్కు లేదనే మాట మాత్రం రాయొద్దు."

"ఆ మాట లేకుండా నేను ఇంతవరకు..." అని మొదలుపెట్టి, తిమ్మయ్య రత్నమణిని ఒకసారి చూసి, వాక్యం ముగించలేదు. రాశాడు. ఉత్తరాన పాపిట, దక్షిణాన జడకుచ్చులు, తూర్పున కుడి భుజం, పడమరన ఎడమ భుజం.

రాయడం అయ్యాక కాగితాన్ని దావీదురాజు వైపు చాచాడు. దావీదురాజు దాన్ని భార్యకు ఇచ్చాడు. ఆమె మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. నూనె వ్యాపారి జేబు గడియారం తీసి చూసుకున్నాడు, ఎండ వరండా మెట్టు దాటి చాప అంచు మీదికి వచ్చింది, ఆమె చదువుతూనే ఉంది. చివరి హద్దు కూడా చదివి తల ఎత్తేసరికి, తిమ్మయ్య అలవాటు కొద్దీ వేలిముద్ర సిరాడబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపాడు. రత్నమణి దాన్ని పక్కకు నెట్టి, కలం అడిగి తీసుకుని, పూర్తి పేరు రాసింది.